పశువ్యాధి లెక్కలను చదువుట ఎట్లు?

లంపీ అను ముద్దచర్మ వ్యాధి 2022లో రాజస్థాన్, గుజరాత్‌లలో ఎన్నో పశువులను బలిగొన్నది. అట్టి వార్త వినినంతనే చిత్తూరు, తిరుపతి జిల్లాల పాడి రైతులు బెదరి ఆవులను కారుచౌకగా అమ్ముకొనరాదు.

“20 పశువులకు జబ్బు” అనిన చాలదు. ఎన్నింటిలో అని అడుగవలెను. 400 పశువులున్న ఊరిలో అది నూటికి 5. 40 ఉన్న పల్లెలో సగము. మొదటి ఊరిలో మిగిలిన 380కి టీకా వేయించుటకు ఇంకను వ్యవధి గలదు. రెండవ పల్లెలో పశువుల రాకపోకలన్నియు నిలుపవలెను. గతవారపు లెక్కతో పోల్చిన, వ్యాధి పెరుగుచున్నదో తగ్గుచున్నదో తెలియును.

సాధారణముగా మందలో నూటికి 1 నుండి 5 వరకు చనిపోవును. పాలును తగ్గును గనుక ఉపేక్ష తగదు. ఒక్క పశువుకు కణుతులు కనిపించినను వేరుగా కట్టి, పశువైద్యునికి తెలుపవలెను. ఈగలను, దోమలను, పిడుదులను అరికట్టవలెను. జబ్బు పశువును సంతకు తోలరాదు. ఈ వ్యాధి మనుష్యులకు సోకదు.