కాలు నేలకు అందితే చాలదు

ఆరడుగుల కుర్రాడు తొలి బండి కొనడానికి షోరూంకి వెళితే, వెంట వచ్చిన పెద్దవాళ్లు సాధారణంగా రెండు మాటల్లో ఒకటి అంటారు. "వీడికేం, ఏ బండి ఎక్కినా కాళ్లు అందుతాయి" అనేది మొదటిది. "వీడి ఒడ్డూ పొడుగుకి బుల్లెట్టే బాగుంటుంది" అనేది రెండోది. రెండూ ప్రేమతో అనే మాటలే. కానీ తొలి బండిని వీటిలో దేన్ని నమ్మి కొన్నా చిక్కే. ఎందుకో కాస్త నిదానంగా చూద్దాం.

బండి కొనేవాళ్లలో చాలామందికి భయం ఒకటే: ఆపినప్పుడు కాలు ఆనుతుందా? మన దేశంలో మగవాళ్ల సగటు ఎత్తు 5 అడుగుల 5 అంగుళాల దగ్గర ఉంటుంది కాబట్టి ఆ భయం సహజం. కంపెనీలు కూడా తమ కరపత్రాల్లో సీటు ఎత్తును అందుకే ముఖ్యంగా వేస్తాయి. స్ప్లెండర్ ప్లస్‌ది 785 మిల్లీమీటర్లు, క్లాసిక్ 350ది 805. ఆరడుగుల మనిషికి గజ్జల నుంచి మడమ దాకా కాలి పొడవు సుమారు 84, 85 సెంటీమీటర్లు, అంటే 850 మిల్లీమీటర్ల దాకా వస్తుంది. రోడ్డు మీద తిరిగే బళ్లలో అతనికి కాలు అందనివి చాలా తక్కువ. అందుకే షోరూంలో ఎక్కి కూర్చోగానే రెండు పాదాలూ నేలమీద పూర్తిగా ఆనుతాయి, అంతా బాగున్నట్టే అనిపిస్తుంది.

అయితే కాళ్లు నేలకు ఆనేది బండి ఆగినప్పుడు. నడిచేటప్పుడు అవి ఉండేది ఫుట్‌రెస్టుల మీద. పొట్టివాళ్లకు బండి ఆగినప్పుడు కష్టం, పొడుగువాళ్లకు బండి కదిలాక కష్టం. సిగ్నల్ దగ్గర నిమిషం ఆగుతాం, ఆఫీసుకి ముప్పావు గంట నడుపుతాం. కాబట్టి పొడుగు మనిషి చూసుకోవాల్సిన కొలత సీటుకీ నేలకీ మధ్య దూరం కాదు, సీటుకీ ఫుట్‌రెస్టుకీ మధ్య దూరం. దురదృష్టం ఏమిటంటే ఆ దూరాన్ని కరపత్రంలో ఎవరూ వేయరు.

పీట మీద కూర్చుంటే పొడుగువాళ్ల మోకాళ్లు గుండెల దాకా లేస్తాయి, అదే మనిషి కుర్చీలో కూర్చుంటే తొడలు నేలకు సమాంతరంగా నిలుస్తాయి. చిన్న బండి మీద పొడుగు మనిషి పీట మీద కూర్చున్నట్టే ఉంటాడు. మోకాలు బాగా ముడుచుకుపోయి, బరువంతా తొడల మీదికి సర్దుకోకుండా తుంటి ఎముకల మీద, నడుము కింది భాగం మీద పడుతుంది. పది నిమిషాలకు ఏమీ తెలియదు. గంట దాటాక మోకాలి చిప్ప చుట్టూ నొప్పి, పిక్కల్లో తిమ్మిరి, దిగగానే కాలు చాచుకోవాలనే ఆరాటం. దీన్ని చాలామంది "కొత్త కదా, అలవాటవుతుంది" అని సరిపెట్టుకుంటారు. ఎముక పొడవు అలవాటుతో తగ్గదు.

సీటు ఎత్తు ఒకటే అయినా కూర్చునే తీరు ఎంత మారుతుందో చూడాలంటే రెండు బళ్లు పక్కపక్కన పెట్టి చూడండి. అపాచీ ఆర్‌టీఆర్ 160 4వి సీటు ఎత్తు 800 మిల్లీమీటర్లు, క్లాసిక్ 350ది 805. కాగితం మీద తేడా అర సెంటీమీటరు. కానీ అపాచీలో ఫుట్‌రెస్టులు కాస్త వెనక్కి, పైకి ఉంటాయి. మలుపుల్లో బండిని వంచినప్పుడు నేలకు రాసుకోకూడదని స్పోర్ట్స్ తరహా బళ్లన్నింటిలో అలాగే పెడతారు. క్లాసిక్‌లో అవి ముందుకీ కిందికీ ఉంటాయి. అందువల్ల అపాచీ మీద పొడుగు మనిషి మోకాలు బాగా ముడుచుకుంటుంది, క్లాసిక్ మీద కాస్త తెరుచుకుంటుంది. సీటు ఎత్తు ఒక్కటే చూసి బళ్లను పోల్చేవాళ్లకు ఈ తేడా కనిపించనే కనిపించదు.

మూడో బిందువు హ్యాండిల్. సీటు, ఫుట్‌రెస్టు, హ్యాండిల్ కలిస్తే ఒక త్రిభుజం. ఈ త్రిభుజం మన ఒంటికి సరిపడా విశాలంగా ఉందా లేదా అన్నదే అసలు ప్రశ్న. పొడుగువాళ్లకు చేతులూ పొడుగే కాబట్టి హ్యాండిల్ దగ్గరగా ఉంటే మోచేతులు పక్కలకు పొడుచుకొస్తాయి, అద్దాల్లో వెనక వచ్చే బస్సుకు బదులు సొంత మోచేయి కనిపిస్తుంది. హ్యాండిల్ మరీ కిందికి ఉంటే నడుము వంగి, మెడ ఎత్తి నడపాల్సి వస్తుంది.

షోరూంలో ఎవరూ గమనించనిది, గల్లీలో మొదటి రోజే తెలిసొచ్చేది ఇంకొకటుంది. ఇరుకు సందులో యూటర్న్ తీసుకుంటూ హ్యాండిల్‌ను పూర్తిగా తిప్పితే, దాని కొస వచ్చి మోకాలికి తగులుతుంది. క్లచ్ లివర్‌కీ మోకాలికీ మధ్య వేళ్లు నలుగుతాయి. కొత్తగా నేర్చుకునేవాళ్లు బండి పడేసేది ఎక్కువగా ఈ నెమ్మది మలుపుల్లోనే. క్లచ్‌ను సగం పట్టుకుని సున్నితంగా వదలాల్సిన సమయంలో మోకాలు అడ్డుపడితే ఎంత జాగ్రత్తగా ఉన్నా లాభం లేదు. నా దృష్టిలో ఇది సౌకర్యం సంగతి కాదు, భద్రత సంగతి. హ్యాండిల్‌ను రెండు వైపులా చివరిదాకా తిప్పినప్పుడు మోకాలికి తగిలే బండిని, అది ఎంత నచ్చినా, తొలి బండిగా కొనొద్దు.

పెట్రోల్ ట్యాంక్ పక్కల మోకాళ్లు ఇమిడేలా లోతుగా నొక్కి ఉంటుంది కదా, అది సగటు తొడ పొడవుకు చేసింది. తొడ పొడుగైతే మోకాలు ఆ గుంతను దాటి ట్యాంక్ ముందు అంచుకు గుచ్చుకుంటుంది. పాదాల సంగతీ అంతే. స్ప్లెండర్, షైన్, బుల్లెట్ వంటి బళ్లలో గేర్ రాడ్‌కు ముందొకటి, వెనకొకటి రెండు కొసలుంటాయి. పదకొండు, పన్నెండు సైజు బూటు ఆ రెండింటి మధ్య ఇరుక్కుంటుంది. ఒక గేర్ వేయబోతే మడమ తగిలి ఇంకోటి పడుతుంది. చాలా బళ్లలో వెనక కొస తీయించుకోవచ్చు, అయినా కొనేముందే బూట్లతో చూసుకోవడం మంచిది.

కాళ్లకు చోటు చాలనప్పుడు మనిషి తనకు తెలియకుండానే సీటులో వెనక్కి జరుగుతాడు. సీటు ఒకే పలకగా ఉంటే జరగడానికి వీలుంటుంది. ముందొక గుంత, వెనకొక మెట్టు ఉన్న రెండు ముక్కల సీటైతే ఆ మెట్టు నడుముకు తగిలి అక్కడే ఆపేస్తుంది. పైగా మన ఇళ్లలో బండి అంటే ఒక్కడి కోసం కాదు. అమ్మను గుడికి, చెల్లెల్ని కాలేజీకి, వారానికోసారి బియ్యం సంచిని తీసుకెళ్లాలి. నడిపేవాడు జానెడు వెనక్కి జరిగితే చీరకట్టుతో పక్కకు కూర్చున్న అమ్మకు మిగిలేది సీటు చివర, చేతికి అందేది వెనక కడ్డీ. అందుకే పొడుగు అబ్బాయి బండి చూసేటప్పుడు వెనక ఒకరిని కూర్చోబెట్టి చూడాల్సిందే. పొడుగు అమ్మాయిలకూ ఈ లెక్కలన్నీ ఇవే.

ఇక ఎలాంటి బండి? "కాళ్లు చాచుకోవచ్చు" అని చాలామంది అవెంజర్ లాంటి క్రూయిజర్లు సూచిస్తారు. వాటిలో ఫుట్‌రెస్టులు ముందుకుంటాయి, నిజమే. కానీ సీటు బాగా కిందికి ఉంటుంది: అవెంజర్ 220 క్రూయిజ్‌ది 737 మిల్లీమీటర్లు, మీటియర్ 350ది 765. కాళ్లు ముందుకు చాచి కూర్చుంటే గుంత వచ్చినప్పుడు పాదాల మీద బరువు మోపి కాస్త లేవడం కుదరదు, దెబ్బంతా వెన్నుపూస అడుక్కి తగులుతుంది. నున్నటి హైవే మీద హాయి, మన ఊళ్ల స్పీడ్ బ్రేకర్ల మీద శిక్ష. నేను పొడుగువాళ్ల తొలి బండికి వీటిని సూచించను.

బుల్లెట్, క్లాసిక్ 350ల సంగతి వేరు. కూర్చునే తీరు పొడుగు మనిషికి చాలావరకు నప్పుతుంది. అడ్డొచ్చేది బరువు. 195 కిలోలు. స్ప్లెండర్ 112 కిలోలు. ఒడ్డూ పొడుగూ ఉన్నవాడికి బరువు లెక్కేమిటి అనుకుంటారు గానీ, శరీరం పెద్దదైనంత మాత్రాన నడపడం వచ్చినట్టు కాదు. ఆరడుగులవాడైనా తొలి నెలలో కొత్తవాడే. ఇసుక మీద ముందు చక్రం జారి బండి ఒక పక్కకు ఒరిగినప్పుడు ఆపేది కండ బలం కంటే అనుభవం. ఎక్కడో ఇంతకు ముందే రెండేళ్లు బండి నడిపిన అలవాటుంటే క్లాసిక్ మంచి ఎంపికే. బొత్తిగా కొత్తయితే అంత బరువుతో నేర్చుకోవడం మొదలుపెట్టొద్దనే నా సలహా.

పొడుగువాళ్లకు సహజంగా కుదిరేవి అడ్వెంచర్ బళ్లు. కొండదారుల్లో, మట్టి రోడ్లలో లేచి నిలబడి నడపడానికి వీలుగా వీటిని చేస్తారు. నిలబడాలంటే హ్యాండిల్ ఎత్తుగా, వెడల్పుగా ఉండాలి. గుంతల్లో చక్రం పైకీ కిందికీ బాగా కదలాలంటే షాక్ అబ్జార్బర్లు పొడుగ్గా ఉండాలి, దాంతో సీటు పైకి లేస్తుంది. నిలబడినప్పుడు బరువు సమంగా పడాలని ఫుట్‌రెస్టులను దాదాపు మనిషికి సరిగ్గా కిందే పెడతారు. సగటు మనిషిని భయపెట్టే ఆ ఎత్తే మనవాడికి వరమవుతుంది. ఎక్స్‌పల్స్ 200 4వి సీటు ఎత్తు 825 మిల్లీమీటర్లు, బరువు 160 కిలోల దరిదాపు. 2025లో వచ్చిన ఎక్స్‌పల్స్ 210 సీటు 830. సుజుకీ వి-స్ట్రోమ్ ఎస్ఎక్స్ సీటు 835, బరువు 167 కిలోలు. 2023 చివర్లో వచ్చిన హిమాలయన్ 450లో సీటును 825 నుంచి 845కి పెంచుకునే ఏర్పాటు ఉంది, కానీ అది 196 కిలోల బండి, బలమైన ఇంజన్. రెండో బండిగా చక్కగా ఉంటుంది.

ఆరడుగులు, ఆపై రెండంగుళాలు ఉండి, బొత్తిగా కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లు ముందు ఎక్స్‌పల్స్ ఎక్కి చూడండి అంటాను. పొడుగుకు తగ్గ చోటు, కొత్తవాడికి తగ్గ బరువు, అదుపు తప్పించనంత శక్తి, మూడూ ఒకచోట దొరకడం అరుదు. నూటికి నూరు పాళ్లు మెచ్చుకోలేను. హైవే మీద వంద దాటితే చిన్న ఇంజన్ ఆయాసపడుతుంది, మైలేజీ స్ప్లెండర్‌తో పోల్చలేం. అయినా కొత్తవాడికి వంద దాటాల్సిన అవసరం లేదు. 125 సీసీ దాటిన బళ్లన్నింటికీ 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ (గట్టిగా బ్రేక్ వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) తప్పనిసరి కాబట్టి ఆ ధైర్యమూ ఉంటుంది.

డబ్బు లెక్కలో ఒక గీత గుర్తుపెట్టుకోవాలి. 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ వరకు ఉన్న బళ్లకు జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది, 350 దాటిన వాటికి 40 శాతమైంది. ఎక్స్‌పల్స్, వి-స్ట్రోమ్, క్లాసిక్ 350 గీతకు ఇవతల ఉన్నాయి. హిమాలయన్ 450, ట్రయంఫ్ స్క్రాంబ్లర్ 400ఎక్స్ అవతల ఉన్నాయి. పొడుగువాళ్లకు నప్పే పెద్ద బళ్లు చాలావరకు ఆ అవతలే. చిన్న బండితో మొదలుపెట్టడానికి ఇదొక అదనపు కారణం.

షోరూంకి రోజూ తొడుక్కునే బూట్లు, హెల్మెట్, ఒక కొలత టేపు తీసుకుని వెళ్లండి. ఆదివారం సాయంత్రం జనంలో కాకుండా పనిదినం మధ్యాహ్నం వెళితే ఎవరూ తొందరపెట్టరు. బండికి సెంటర్ స్టాండ్ వేయించి, లేకపోతే వెనక ఒకరిని గట్టిగా పట్టుకోమని, రెండు పాదాలూ ఫుట్‌రెస్టుల మీద పెట్టి కూర్చోండి. పక్క నుంచి ఫోన్‌తో ఒక ఫొటో తీయించుకోండి. మోకాలి దగ్గర కోణం గోడ మూల కంటే ఇరుకుగా కనిపిస్తే ఆ బండి మీకు చిన్నదే. టేపుతో సీటులో మీరు కూర్చునే లోతు నుంచి ఫుట్‌రెస్టు పైభాగం దాకా ఏటవాలుగా కొలిచి రాసుకోండి. నాలుగు బళ్ల కొలతలు పక్కపక్కన చూస్తే ఏ కరపత్రమూ చెప్పని సంగతి తెలుస్తుంది. ఐదు నిమిషాల్లో దిగిపోకండి, పావుగంట అలాగే కూర్చోండి. లైసెన్సు ఉంటే టెస్ట్ రైడ్ అడగండి. లేకపోతే నడపడం బాగా వచ్చిన స్నేహితుణ్ణి తీసుకెళ్లి అతన్ని నడపమనండి, కానీ కొలతలకు మాత్రం మీరే కూర్చోవాలి. అతని మోకాలు మీ మోకాలు కాదు.

ఇప్పటికే ఇంట్లో నాన్న బండో అన్న బండో ఉండి, దాన్నే వాడాల్సిన పరిస్థితి చాలామందిది. దానికీ దారి ఉంది. సీట్లు కుట్టే దుకాణంలో గట్టి ఫోమ్ ఒక అంగుళం పెంచి కుట్టిస్తే సీటుకీ ఫుట్‌రెస్టుకీ మధ్య దాదాపు ఆ అంగుళమంతా కలుస్తుంది. తక్కువ ఖర్చుతో ఎక్కువ సుఖం ఇచ్చే మార్పు ఇదే. మెత్తటి ఫోమ్ వేయించకండి, నెల తిరిగేసరికి అణిగిపోతుంది. బ్రేక్ పెడల్, గేర్ రాడ్ ఎత్తును మెకానిక్ చేత పాదానికి తగ్గట్టు సరిచేయించుకోండి. ఫ్రేమ్ కోయించడం, ఇంజన్ మార్పించడం లాంటి వాటి జోలికి వెళ్లొద్దు. రిజిస్ట్రేషన్ పత్రంలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చిన వాటికి భిన్నమయ్యేలా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. బీమా సొమ్ముకీ పేచీ వస్తుంది.

హ్యాండిల్‌ను పైకి లేపే దిమ్మెలు బిగించుకునేవాళ్లు ఒక పరీక్ష తప్పకుండా చేయాలి. హ్యాండిల్ పైకి వెళ్లిందంటే క్లచ్ కేబుల్, యాక్సిలరేటర్ కేబుల్, బ్రేక్ గొట్టం అన్నీ లాగుడు పడతాయి. బండిని న్యూట్రల్‌లో స్టార్ట్ చేసి, యాక్సిలరేటర్ ముట్టుకోకుండా హ్యాండిల్‌ను ఎడమకు చివరిదాకా, కుడికి చివరిదాకా తిప్పి చూడండి. ఏ వైపు తిప్పినప్పుడైనా ఇంజన్ మోత దానంతటదే పెరిగితే కేబుల్ పొట్టిదైనట్టు. పొడవాటి కేబుల్ వేయించేదాకా ఆ బండిని రోడ్డెక్కించకండి.