మోకాళ్లు వంగే చోటు

డిసెంబర్ రాగానే విజయవాడ గుణదల, పటమట వీధుల్లోనూ, గుడివాడ, మచిలీపట్నం, అవనిగడ్డ చుట్టుపక్కల ఊళ్లలోనూ ఇళ్ల ముందు రంగు కాగితాల నక్షత్రాలు వేలాడతాయి. బీసెంట్ రోడ్డు బట్టల కొట్లకు సంక్రాంతి కన్నా ముందే పండుగ వచ్చేస్తుంది. బయటి నుంచి చూసేవారికి క్రిస్మస్ అంటే యేసు పుట్టినరోజు, కొత్త బట్టలు, కేకు, అర్ధరాత్రి గంటలు. కథోలిక దేవాలయంలో ఆ రాత్రి జరిగే పూజను కాస్త దగ్గరగా గమనిస్తే మాత్రం పండుగ అసలు సంగతి మరోలా తెలుస్తుంది. ప్రతి ఆదివారం పూజలో విశ్వాస సంగ్రహాన్ని అందరూ నిలబడి చెబుతారు. దేవుని కుమారుడు మరియమాత గర్భాన మనిషయ్యాడని చెప్పే వాక్యం దగ్గర తల వంచుతారు, అంతే. క్రిస్మస్ పూజలో అదే వాక్యం దగ్గరికి వచ్చేసరికి గురువులతో సహా గుడి నిండా ఉన్న జనం మోకరిస్తారు. పూజాక్రమం ప్రకారం ఏడాది మొత్తంలో ఈ వాక్యానికి మోకరించేది రెండే పండుగల్లో. ఒకటి క్రిస్మస్, రెండోది దానికి సరిగ్గా తొమ్మిది నెలల ముందు, మార్చి 25న, గాబ్రియేలు దూత మరియకు కబురు చెప్పిన పండుగ. ఒక మహానుభావుడి జయంతికి దండ వేస్తాం, ఉపన్యాసం వింటాం; మోకరించం. దేవుడు ఒంటితో, ఆకలితో, ఏడుపుతో మనుషుల మధ్యకు వచ్చాడన్న నమ్మకానికే ఆ మోకాళ్లు వంగుతాయి. అదే నిజమైతే ఒంటికి సంబంధించినదేదీ, తిండి గానీ, గడ్డి గానీ, కులం గానీ, భక్తికి బయట ఉండదు. విచారణలో, అంటే ఒక గురువు చూసుకునే దేవాలయ పరిధిలో, క్రిస్మస్ ఆధ్యాత్మిక అర్థం ఇదేనని, మిగతా అలంకారమంతా దీనికి లోబడేదని నా వాదన.

గుడి పక్కన కట్టే పశువుల పాకనే తీసుకుందాం. దాన్ని పిల్లల బొమ్మల కొలువులా చూసిపోతాం గానీ, దాని పుట్టుక వేరు. 1223 క్రిస్మస్‌కు ఇటలీలోని గ్రెచ్చో అనే కొండ ఊరిలో అస్సీసి ఫ్రాన్సిస్ ఒక తొట్టి, ఎండుగడ్డి, ఒక ఎద్దు, ఒక గాడిద సిద్ధం చేయించాడు. ఆయన జీవిత చరిత్ర మొదట రాసిన చెలానో తోమా ఆ రాత్రిని వివరంగా వర్ణించాడు. అందులో బొమ్మలు లేవు, మరియ జోజప్పల వేషాలూ లేవు. ఆ తొట్టి దగ్గరే గురువు దివ్యబలిపూజ చేశాడు, ఫ్రాన్సిస్ సువిశేషం గానం చేసి ప్రసంగించాడు. పాక మొదటిసారి కట్టింది చూసి పోవడానికి కాదన్నమాట, పూజ జరపడానికి. తొట్టిలో పడుకున్నవాడూ పీఠం మీద సత్ప్రసాదంగా, అంటే పూజలో పంచే అప్పంగా, వచ్చేవాడూ ఒకడేనని చెప్పడానికి. ఎద్దు, గాడిద సువిశేషంలో ఎక్కడా లేవని ఎత్తిచూపేవారికి ఒక మాట: అవి యెషయా ప్రవక్త గ్రంథం నుంచి వచ్చాయి. యజమానిని ఎద్దు గుర్తుపడుతుంది, గాడిద గుర్తుపడుతుంది, జనమే గుర్తుపట్టరని అక్కడ నింద. పాకలో వాటిని పెట్టడం కూడా మనకు వేసే ప్రశ్నే.

ఈ ప్రశ్న కృష్ణా డెల్టాకు కొత్తగా చెప్పక్కర్లేదు. సార్వా కోతలు, కుప్పనూర్పిళ్లు సాగే రోజుల్లోనే ఇక్కడ క్రిస్మస్ వస్తుంది. పాక మీద కప్పే వరిగడ్డి పక్క పొలంలోదే. దేవుడు పుట్టాడన్న వార్త మొదట విన్నది రాత్రిపూట ఆరుబయట మందను కాచే కాపరులని లూకా రాశాడు. మంచులో గోనెపట్టా కప్పుకుని కళ్లం దగ్గర కాపలా పడుకునే మనిషి లాంటివారు వాళ్లు. ఆ మాట ఇక్కడి రైతుకూలీకి వ్యాఖ్యానం లేకుండానే అర్థమవుతుంది. ప్లాస్టిక్ చెట్టు మీద దూది అంటించి మంచు కురిసిందనుకునే మన ముచ్చట చూస్తేనే నాకు నవ్వొస్తుంది. గడ్డి ఉన్నచోట దూది దేనికి?

పండుగకు ముందరి నాలుగు ఆదివారాల ఆగమనకాలంలో పీఠం మీద ఊదారంగు వస్త్రాలుంటాయి. ఆదివారాల్లో పాడే మహిమ గీతం ఆ వారాల్లో ఉండదు. క్రిస్మస్ రాత్రి గంటలు మోగుతుండగా ఆ గీతం తిరిగి వస్తుంది. చాలాచోట్ల గురువులు బాలయేసు స్వరూపాన్ని ఊరేగింపుగా తీసుకెళ్లి పాకలో ఉంచుతారు, పూజ అయ్యాక జనం వరుసకట్టి ముద్దుపెట్టుకుంటారు. పండుగకు రాత్రి, వేకువ, పగలు అని మూడు పూజలు ఏర్పాటు. రాత్రి పూజలో పాక కథ, వేకువ పూజలో కాపరుల రాక చదువుతారు. పగటి పూజలో కథే ఉండదు. సృష్టికి ముందే ఉన్న వాక్కు మనిషైందని చెప్పే యోహాను సువిశేషపు తొలి అధ్యాయం వస్తుంది. పసిబిడ్డ దగ్గర మొదలుపెట్టి విశ్వం దాకా తీసుకెళ్లే క్రమం ఇది. ఒక విచారణ కింద అనేక పల్లెలుండే చోట గురువులు ఒకరే కావడంతో ‘అర్ధరాత్రి పూజ’ కొన్ని ఊళ్లలో సాయంత్రమే అయిపోతుంది. దానివల్ల అర్థం ఏమీ తగ్గదు. పండుగకు ముందు రోజుల్లో గురువు దగ్గర పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనం కోసం నిలబడే వరుస, పూజలో సత్ప్రసాదం కోసం నడిచే వరుస, ఈ రెండూ లేకపోతేనే తగ్గుతుంది.

దేవుడు మనిషి రూపంలో రావడం మాకూ తెలుసు, దశావతారాలు ఉన్నాయి కదా అని హిందూ పాఠకులు అడగవచ్చు. కూచిపూడి పుట్టిన గడ్డ మీద ఆ ప్రశ్న సహజమే. పోలిక ఉంది, తేడా కూడా ఉంది. కథోలిక విశ్వాసంలో ఇది ఒక్కసారే జరిగింది. రోమ్ చక్రవర్తి ఔగుస్తు కాలంలో, ఫలానా ఊళ్లో అని చరిత్రకు కట్టుబడి జరిగింది. వేసుకున్న మానవ శరీరాన్ని పని ముగిశాక దేవుడు విడిచిపెట్టలేదు; పునరుత్థానం తర్వాత కూడా ఆయన మనిషే. అలా వచ్చినవాడు నిజంగా దేవుడేనా అన్నదాని మీదే 325లో నైసీయా సభలో వాదోపవాదాలు జరిగాయి. క్రీస్తు దేవుడు సృష్టించిన గొప్పవాడే తప్ప దేవుడు కాడన్న ఆరియస్ వాదాన్ని ఆ సభ తోసిపుచ్చింది. క్రిస్మస్ రాత్రి మోకరించే వాక్యం ఆ సభ పేరుతో పిలిచే నైసీయా విశ్వాస సంగ్రహంలోనిదే.

డిసెంబర్ 25 తేదీ బైబిల్‌లో లేదు, కాబట్టి చేయం అనే క్రైస్తవులూ ఉన్నారు. తేదీ లేదన్నది నిజం. 336లో రోమ్‌లో ఈ పండుగ ఉన్నట్టు 354 నాటి పంచాంగం చెబుతుంది. రోమన్ల సూర్యుడి పండుగను మార్చుకున్నారని కొందరు, మార్చి 25 నుంచి తొమ్మిది నెలలు లెక్కగట్టారని కొందరు చరిత్రకారులు అంటారు. ఏది నిజమైనా కథోలిక సభ (చర్చి) ఆ తేదీని దైవవాక్కుగా చెప్పడం లేదు. పుట్టాడన్నది విశ్వాసం, రోజు ఏర్పాటు. తేదీ తెలియని తాతకు తద్దినం మానేస్తామా? సెమీ క్రిస్మస్ విషయంలో అభ్యంతరం ఇంకాస్త గట్టిది. డిసెంబర్ మొదటి వారం నుంచే ఆఫీసులు, కాలేజీలు, పార్టీలు కేకులు కోస్తుంటే 24వ తేదీకి పండుగ పాతబడిపోతుంది. మతాలు కలిసి కూర్చునే వేదికగా దానికి విలువుంది, కాదనను. అయితే విచారణ కూడా అదే దారి పట్టి ఆగమనకాలాన్ని మింగేస్తే, ఎదురుచూడటం తెలియనివారికి రాక కూడా తెలియదు.

విదేశీ పండుగన్న విమర్శకు డెల్టా చరిత్రే జవాబు. మిలాన్ మిషనరీలు 1855లో ఈ ప్రాంతానికి వచ్చారు. బెజవాడ మిషన్ 1933లో హైదరాబాద్ నుంచి విడివడి 1937లో మేత్రాసనం (డయోసిస్) అయింది, 1950లో విజయవాడ పేరు పెట్టుకుంది. రెండో వాటికన్ మహాసభ తర్వాత లాటిన్ పోయి తెలుగులో పూజ వచ్చింది. 1924లో ఫాదర్ ఆర్లాటి లూర్దుమాత స్వరూపాన్ని నెలకొల్పిన గుణదల కొండకు వచ్చేవారు నేడు కొబ్బరికాయ కొడతారు, తలనీలాలు ఇస్తారు. దేవుడు ఒక నేల మీద ఒంటితో పుట్టాడని నమ్మే మతం ఏ నేల మీదికి వెళ్లినా అక్కడి గడ్డినీ, అక్కడి నోటినీ వాడుకోక తప్పదు.

మరి కష్టం మాటేమిటి? దివిసీమ ఉప్పెన 1977 నవంబర్ 19న వచ్చింది, వేలమందిని తీసుకెళ్లింది. ఆ ఏడాది క్రిస్మస్ దాని తర్వాత ముప్పై ఆరో రోజున వచ్చింది. దేవుడు వస్తే అలల్ని ఆపాలి గానీ పసిబిడ్డగా వస్తే లాభమేమిటని అడిగితే సులువైన జవాబు లేదు, ఉన్నట్టు నటించకూడదు. సభ మాత్రం పండుగ మర్నాడే, 26న, రాళ్లతో కొట్టి చంపిన స్తెఫానును తలుస్తుంది. 28న హేరోదు చంపించిన బేత్లెహేము పసిపిల్లల్ని తలుస్తుంది. తార దీపాలు ఆర్పకముందే రక్తం గురించి మాట్లాడే పండుగ ఇది. ఏడ్చేవారి పక్కన కూర్చునే దేవుణ్ని చూపుతుంది, ఏడుపు రానివ్వనని ఎక్కడా మాట ఇవ్వదు.

అన్నిటికన్నా బరువైన అభ్యంతరం కులం. దేవుడే పాకలోకి దిగితే, ఆయన విచారణల్లో పైమెట్టు, కిందిమెట్టు ఎందుకున్నాయి? కథోలిక బిషప్‌ల సంఘం 2016లో విడుదల చేసిన దళిత సాధికారత విధానంలో సభ లోపల కూడా అంటరానితనం ఉందని ఒప్పుకుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవ దళితులకు ఎస్సీ హోదా ఇవ్వలేదు. ఇవ్వాలని ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2023లో తీర్మానించింది. హైదరాబాద్ అగ్రపీఠాధిపతి పూల అంథోని 2022లో కార్డినల్ అయినప్పుడు, ఆ హోదా పొందిన తొలి దళితుడనీ తొలి తెలుగువాడనీ అందరూ ఆనందించారు. అంతకాలం పట్టిందెందుకని కూడా అడగాల్సింది. ఈ అభ్యంతరాన్ని నేను తోసిపుచ్చలేను, తోసిపుచ్చాలనీ లేదు. ఎందుకంటే ఆ తప్పును తప్పని చూపే కొలబద్ద క్రిస్మసే ఇచ్చింది. ఒకే నేల మీద పక్కపక్కన మోకరించి, పెళ్లి సంబంధం దగ్గర కులం అడిగే విచారణ ఆ వాక్యాన్ని సగమే చెప్పినట్టు. ప్రభుత్వం ఇవ్వాల్సిన హోదా కోసం పోరాడటం న్యాయం. తమ చేతిలో ఉన్నదాన్ని మాత్రం విచారణ మండళ్లు ఈ ఏడాదే సరిచేసుకోవచ్చు: కేరల్స్ బృందం తిరిగే జాబితాలో దళితవాడ, పెద్దవీధి రెండూ ఉండాలి, పండుగ విందుకు పంక్తి ఒక్కటే ఉండాలి. దీనికి ఏ పీఠాధిపతి లేఖా అక్కర్లేదు.