ఓ.పి. హాలు టీవీలో ఆరోగ్య చిత్రం మధ్యలో పోకుండా



మా ఆసుపత్రికి వచ్చేవారు చీటీ రాయించుకుని డాక్టరు గారి పిలుపు కోసం కూర్చునే హాలులో ఒక టీవీ ఉంది. విరేచనాలకు ఓ.ఆర్.ఎస్. కలిపే విధానం, తల్లిపాలు, క్షయ మందులు మధ్యలో మానకపోవడం వంటి చిత్రాలు అందులో వేస్తాం. ఈ టీవీ చీటీలు రాసే కౌంటరులోని కంప్యూటరుకే కలిపి ఉంది. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఒక వానాకాలం ఉదయాన, విరేచనాలతో బిడ్డను తెచ్చిన తల్లిని "ఓ.ఆర్.ఎస్. ఎలా కలుపుతావమ్మా?" అని సిస్టరు గారు అడిగారు. "గ్లాసుడు నీళ్ళలో ప్యాకెట్టంతా పోసేయడమే కదండీ, ఇప్పుడే టీవీలో చూశాను" అంది. ఆమె చూసిన మాట నిజమే. ప్యాకెట్టు చింపడం వరకు చూసింది. నీళ్ళ కొలత చెప్పే చోటికి వచ్చేసరికి కౌంటరులో ఎవరి చీటీ కోసమో మౌస్ నొక్కారు. చిత్రం పోయి రిజిస్టరు వచ్చింది.

పెద్ద ప్యాకెట్టు లీటరు నీళ్ళకు, చిన్న ప్యాకెట్టు 200 మి.లీ. నీళ్ళకు సరిపోయేలా తయారవుతాయి. ఎన్ని నీళ్ళో ప్యాకెట్టు మీదే రాసి ఉంటుంది. పెద్ద ప్యాకెట్టును గ్లాసు నీళ్ళలో కలిపితే ఆ నీరు మరీ చిక్కనై, బిడ్డ రక్తంలో ఉప్పు పెరుగుతుంది. అసలే నీరు పోయిన శరీరానికి అది ప్రమాదం. సగం చిత్రం చూపడం కంటే అసలు చూపకపోవడమే మేలేమో అని ఆ రోజు మాకు అనిపించింది.

రెండో సంగతి ఇంకా సిగ్గుపడవలసినది. చిత్రం పోయిన ప్రతిసారీ రోగుల పేర్లు, వారు ఏ విభాగానికి వచ్చారో హాలంతటికీ కనబడుతోంది. హెచ్.ఐ.వి. ఉన్నవారి వివరాలు బయటపెట్టకూడదని 2017 నాటి చట్టం చెబుతోంది. ఏ జబ్బుతో వచ్చినవారికైనా ఆ మర్యాద దక్కాలి.

కారణం వెదికితే చిన్నదే. కంప్యూటరుకు రెండో తెర కలిపినప్పుడు రెండు పద్ధతులుంటాయి. 'డూప్లికేట్' అంటే ఒక తెర మీద ఉన్నదే రెండో దానిమీదా కనబడుతుంది. 'ఎక్స్‌టెండ్' అంటే రెండు తెరలూ కలిసి ఒక పొడవాటి బల్లలా పనిచేస్తాయి: ఈ చివర రిజిస్టరు, ఆ చివర చిత్రం. మాది డూప్లికేట్‌లో ఉంది. విండోస్ బొమ్మ ఉన్న కీ పట్టుకుని పి నొక్కితే ఈ మాటలు వస్తాయి. అక్కడ ఎక్స్‌టెండ్ ఎంచుకోవాలి. తరువాత డిస్‌ప్లే సెట్టింగులలో కౌంటరు తెరనే 'మెయిన్ డిస్‌ప్లే'గా పెట్టాలి. ఇది మరువవద్దు. విండోస్ పంపే కబుర్లు మెయిన్ తెర మీదికే వస్తాయి కనుక టీవీకి వాటి బెడద ఉండదు.

మేము చిత్రాలకు వి.ఎల్.సి. ప్లేయరు వాడుతున్నాం, ఉచితమే. దాని కిటికీని మౌస్‌తో టీవీ వైపుకు లాగి, ఎఫ్ నొక్కితే ఫుల్‌స్క్రీన్ అవుతుంది. ఇక కౌంటరు తెర మీద ఎన్ని చీటీలు రాసినా అది అలాగే నిలుస్తుంది. లూప్ పెడితే చిత్రం మళ్ళీ మొదటి నుంచి వస్తుంది. కంప్యూటరు నిద్రపోకుండా పవర్ సెట్టింగులలో స్లీప్‌ను 'నెవర్' చేశాం.

ఇంటర్నెట్ నుంచి నేరుగా చూపేవారికి ఒక మాట. పూర్వం బ్రౌజరులో ఫ్లాష్ ప్లేయరుతో ఆడే వీడియో, రెండో తెర మీద నొక్కగానే ఫుల్‌స్క్రీన్ నుంచి బయటికి వచ్చేసేది. చాలామందికి "ఇది కాని పని" అన్న అభిప్రాయం అప్పటి నుంచే మిగిలింది. ఫ్లాష్ 2020 చివరితో ఆగిపోయింది. ఇప్పటి బ్రౌజర్లలో వీడియో నిలుస్తుంది, కాని అదే కిటికీలో కొత్త ట్యాబు తెరిస్తే పోతుంది. కనుక వీడియోకు ఒక కిటికీ, పనికి వేరే కిటికీ ఉంచండి. ఆదివారం ఆరాధనలో తెర మీద పాటలు వేసే యువకులకు కూడా ఎక్స్‌టెండ్ సంగతి పనికివస్తుంది. వెదుకులాట వారి తెర మీదే ఉంటుంది, సంఘానికి పాట మాత్రమే కనబడుతుంది.

నిజం చెప్పాలంటే, ఒకటే చిత్రం రోజంతా చూపేవారికి ఇంత శ్రమ అక్కరలేదు. టీవీకే పెన్‌డ్రైవు పెట్టి రిపీట్ చేస్తే చాలు. గర్భిణీల రోజుకు ఒక చిత్రం, పిల్లల టీకాల రోజుకు మరొకటి మార్చాలి గనుక మేము కంప్యూటరును వదలలేదు.

మాకు ఇంకా ఇబ్బంది పెట్టేది కరెంటే. కంప్యూటరుకు యు.పి.ఎస్. ఉంది, టీవీకి లేదు. కరెంటు పోగానే టీవీ ఆగి, చిత్రం కౌంటరు తెర మీదికి వచ్చి పడుతుంది. కరెంటు వచ్చాక దానంతట అది తిరిగి వెళ్ళకపోవచ్చు. అందుకని కౌంటరులో కూర్చున్నవారు మొదట లేచి హాలులోకి వెళ్ళి, టీవీ మీద ఏముందో కళ్ళారా చూసి వచ్చి, ఆ తరువాతే చీటీలు మొదలుపెడుతున్నారు. ఓ.ఆర్.ఎస్. చిత్రం మళ్ళీ మొదటి నుంచి వేస్తున్నారు.