సెయింట్ లూషియాలో టాక్సీ లెక్క

కరీబియన్ సముద్రంలోని సెయింట్ లూషియా ద్వీపం ఈ కొన నుంచి ఆ కొనకు 43 కిలోమీటర్లు మాత్రమే. అయినప్పటికీ పెద్ద విమానంలో వచ్చి దక్షిణాన హెవనోరా విమానాశ్రయంలో దిగిన ప్రయాణికుడు ఉత్తరాన ఉన్న హోటల్ చేరేసరికి మెలికల రోడ్డు మీద 60 కిలోమీటర్లకు అటూఇటూగా, గంటన్నరకు పైగా ప్రయాణించవలసి వస్తుంది. అందుకు టాక్సీకి సుమారు 80 నుంచి 100 అమెరికన్ డాలర్లు, అంటే ఏడెనిమిది వేల రూపాయలకు తగ్గని మొత్తం, చెల్లించవలసి ఉంటుంది.

ఈ దూరానికి మూలం రెండో ప్రపంచ యుద్ధంలో ఉంది. 1940లో బ్రిటన్ తనకు కావలసిన 50 పాత యుద్ధనౌకలను అమెరికా నుంచి తీసుకొని, కరీబియన్‌లోని తన వలసల్లో సైనిక స్థావరాలు కట్టుకోవడానికి 99 ఏళ్ల కౌలుకు స్థలాలు ఇచ్చింది. ఆ ఒప్పందం వల్ల సెయింట్ లూషియాకు వచ్చిన అమెరికన్ సైన్యం, ద్వీపమంతా కొండలే కావడంతో, దక్షిణాన వ్యూ ఫోర్ దగ్గరున్న చదును నేల మీద బీన్ ఫీల్డ్ అనే రన్‌వేను నిర్మించింది. నేటి హెవనోరా అదే. రాజధాని కాస్ట్రీస్‌ను ఆనుకొని జార్జ్ చార్లెస్ విమానాశ్రయం ఉన్నా, సముద్రానికీ ఊరికీ మధ్య ఇరుక్కున్న దాని పొట్టి రన్‌వే మీద పొరుగు దీవుల నుంచి వచ్చే చిన్న విమానాలే దిగగలవు. హోటళ్లు ఎక్కువగా వెలసింది రాడ్నీ బే వంటి ఉత్తర తీరంలో. బాంబర్ల కోసం ఎంచిన చోటుకు సెలవుల కోసం వచ్చేవారు నేటికీ సుంకం కడుతున్నారనడం అతిశయోక్తి కాదు.

అక్కడి టాక్సీలకు మీటరు ఉండదు. ఏ ఊరి నుంచి ఏ ఊరికి ఎంత అన్నది ముందే ఖరారైన ధర, అదీ తలకు కాదు, బండికి. అందువల్ల ఒంటరి ప్రయాణికుడికి మోయలేనిదిగా తోచే మొత్తమే నలుగురున్న కుటుంబానికి సర్దుబాటైపోతుంది. డ్రైవరు వైపు నుంచి చూస్తే, దేశాంతర విమానాలు ఎక్కువగా మధ్యాహ్నం కొద్ది గంటల వ్యవధిలోనే దిగుతాయి కనుక రోజుకు దొరికే దూరపు బేరాలు ఒకటో రెండో. తిరుగుదారిలో బండి ఖాళీగా రావచ్చు. కారు, టైరు, పెట్రోలు అన్నీ ఓడలో దిగుమతి కావలసినవే. ప్రయాణికుడు చెల్లించే ధరలో ఆ ఖాళీ ప్రయాణం కూడా కలిసి ఉంటుందని గ్రహిస్తే, దోపిడీ అన్న మాట అంత తొందరగా నోటికి రాదు.

అసలు చిక్కు కరెన్సీలో ఉంది. స్థానికంగా చెలామణి అయ్యేది తూర్పు కరీబియన్ డాలరు. 1976 నుంచి ఒక అమెరికన్ డాలరుకు 2.70 తూర్పు కరీబియన్ డాలర్లు అన్న మారకం మారలేదు. రెంటినీ నోటిమాటగా డాలరనే అంటారు కనుక, 90 అని విన్నవాడు ఏ డాలరో బండి ఎక్కకముందే అడగకపోతే, దిగేటప్పుడు 243 స్థానిక డాలర్లు లెక్కపెట్టవలసి రావచ్చు.

2024 జూన్ 24న టీ20 ప్రపంచ కప్‌లో రోహిత్ శర్మ ఆస్ట్రేలియాపై 92 పరుగులు చేసిన మైదానం ఉత్తరాన గ్రోస్ ఐలెట్‌లోనే ఉంది. హెవనోరాలో దిగి ఆ ఆటకు వెళ్లదలచినవారికి ఈ దారి తప్పేది కాదు. డబ్బుకు వెనుకాడనివారికి పది, పదిహేను నిమిషాల్లో ఉత్తరానికి చేర్చే హెలికాప్టర్ ఉంది. ద్వీపవాసులు మాత్రం వ్యూ ఫోర్ నుంచి కాస్ట్రీస్‌కు మినీబస్సులో వెళతారు. దాని ఛార్జీ టాక్సీ ధరలో పదో వంతు కూడా కాదు. అయితే సీట్లు నిండేదాకా అది కదలదు, పెద్ద పెట్టెలకు చోటుండదు, రాడ్నీ బే వెళ్లాలంటే కాస్ట్రీస్‌లో బస్సు మారాలి. లైసెన్సున్న మినీబస్సు నంబరు ప్లేటు ఎం అక్షరంతోనూ, టాక్సీది టీఎక్స్ అక్షరాలతోనూ మొదలవుతుంది.