ఎండవేడికి చెదరని పింగాణి

నాగార్జునసాగరమునకు చేరువనున్న పెద్దవూరలో జ్యేష్ఠమాసపు మధ్యాహ్నమున, పొలముగట్టు మీది ఇనుప స్టార్టరు డబ్బా చేయి తాకలేనంతగా కాగును. దానిలోని ఎలక్ట్రానిక్ పలకపై నుండు ఆవగింజంత పింగాణి కెపాసిటర్లు ఆ వేడినెల్ల భరింపవలెను.

బాలలారా, రెండు లోహపు పొరల నడుమ రోధక పదార్థమునుంచి విద్యుదావేశమును నిలువచేయునదే కెపాసిటరు. రోధకముగా తఱచు వాడబడునది బేరియం టైటనేట్. దాని స్ఫటికములో ఆక్సిజన్ పంజరము నడుమ నుండవలసిన టైటానియం అయాను ఒకింత ప్రక్కకు ఒరిగియుండుటచేతనే దాని రోధకస్థిరాంకము వేలకు చేరును. అయితే ఇంచుమించు 125 డిగ్రీలయొద్ద స్ఫటికము ఘనాకృతి దాల్చును; అచ్చట స్థిరాంకము శిఖరమునకెగసి, పిమ్మట వడిగా పడిపోవును. ఇట్లు మారు కెపాసిటరును నమ్ముటెట్లు?

శాస్త్రజ్ఞులు కనుగొన్న ఉపాయము మిక్కిలి రమణీయము. మెగ్నీషియము, డిస్ప్రోసియము వంటి మూలకములను స్వల్పముగ చేర్చి కాల్చినచో, అవి ప్రతి రేణువు పైపొరలోనికి మాత్రమే ఇంకును. గర్భము శుద్ధముగనే నిలుచును. గర్భమును పైపొరయు వేర్వేరు ఉష్ణోగ్రతలయందు శిఖరమునందుకొనుటచే ఒకదాని తఱుగును వేఱొకటి పూరించును. ఎక్స్7ఆర్ తరగతి కెపాసిటర్లు పెక్కు ఇట్టివే: మైనస్ 55 నుండి 125 డిగ్రీలవరకు వాని ధారణశక్తి, 25 డిగ్రీలయొద్ద నున్నదానికంటె 15 శాతమునకు మించి మారదు. సి0జి తరగతి డిగ్రీకి పదిలక్షలలో 30 వంతులే చలించును. కాని దాని స్థిరాంకము స్వల్పమగుటచే తక్కువ ఆవేశమునే నిలుపగలదు.

200 డిగ్రీల వేడిగల లోతైన చమురుబావులకు బేరియం టైటనేట్ ఒక్కటే చాలదు. బిస్మతు కలిసిన పింగాణులపై పరిశోధన నేటికిని సాగుచున్నది.