అక్షరక్లేశము: ఉన్నతవిద్యలో డిస్లెక్సియా

పఠనవేగమును చూచి పాండిత్యమును నిర్ణయించుట మన పరీక్షలకు అలవాటైనది. బుద్ధి, శ్రద్ధ, దృష్టి యథాతథముగా నుండియు అక్షరమును ధ్వనితో త్వరగా జోడింపలేని స్థితిని డిస్లెక్సియా యందురు. 1887లో జర్మను నేత్రవైద్యుడు రుడాల్ఫ్ బెర్లిన్ ఈ పదమును వాడెను. ఇది మందబుద్ధి కాదు, సోమరితనమును కాదు.

తెలుగు లిపిలో వ్రాసినదే పలుకుదుము గావున ఇట్టి విద్యార్థి తప్పుగా చదువుటకంటె మెల్లగా చదువుట యెక్కువ. అయినను మన లిపికి దాని చిక్కులు దానికి గలవు. ధ, థలకు భేదము ఒక్క చుక్క; మ, యలు, ప, వలు చూపునకు సన్నిహితములు. అంతకంటె సూక్ష్మమైనది రేఫము కథ. 'క్రమము'లోని క్రావడి ఎడమనుండి చుట్టుకొని క్రిందికి వచ్చును, కాని కకారము తరువాత పలుకబడును. ప్రాచీన ముద్రణలలోని వలపలగిలక అక్షరమునకు కుడివైపున నుండును, కాని ముందు పలుకబడును. కంటి క్రమమొకటి, చెవి క్రమము వేరొకటి. అలవడినవారికి ఇది తెలియనే తెలియదు. డిస్లెక్సియా గలవానికి ప్రతి పుటయందును తెలియును.

ఇబ్రహీంపట్నము పరిసరములందు ఇంజనీరింగు కళాశాలలు పెక్కు గలవు. చుట్టుపట్ల గ్రామములనుండి తెలుగు మాధ్యమమున చదివి అచ్చట చేరినవానికి ఆంగ్లగ్రంథము ఎదురగును. ఆంగ్లమున వర్ణక్రమమునకు, ఉచ్చారణకు పొత్తు తక్కువ. అంతవరకు మందగతిగా మాత్రమే కనబడిన క్లేశము అచ్చట దోషములుగా బయటపడును. అధ్యాపకుడు "తెలుగు మాధ్యమపు పిల్లవాడు, ఆంగ్లము రాదు" అని ఊరకుండును. ఈ సమాధానము సులభమైనది గనుకనే ప్రమాదకరము. అసలు కారణమును వెదకువారుండరు.

1995 నాటి వికలాంగుల చట్టమున దీనికి తావు లేదు. 2016 చట్టము నిర్దిష్ట అభ్యసన వైకల్యమును చేర్చినది. ప్రభుత్వ, ప్రభుత్వసహాయ ఉన్నతవిద్యాసంస్థలలో నలువది శాతము లేదా అంతకు మించిన వైకల్యము గలవారికి 5 శాతమునకు తగ్గకుండ స్థానములు కేటాయించినది. 2018 మార్గదర్శకములు పరీక్షలలో గంటకు కనీసము 20 నిమిషముల అదనపు సమయమును సూచించినవి. అయినను 2021లో నీట్ పరీక్ష వ్రాసిన, లేఖనక్లేశము గల ఒక విద్యార్థినికి అదనపు గంట లభింపక వ్యాజ్యము సుప్రీంకోర్టు వరకు వెళ్లినది. హక్కు పుస్తకమునందుండుట వేరు, పరీక్షాగదిలో నుండుట వేరు.

మన ప్రాచ్యకళాశాలల విషయము మరింత చిక్కైనది. ఇచ్చట అక్షరశుద్ధియే పాఠ్యము. హ్రస్వము దీర్ఘమైనచో లఘువు గురువగును, గణము చెడును. అట్లని దోషమును క్షమింపుమనుట నా అభిమతము కాదు. గురులఘువులు చెవికి సంబంధించినవి. పద్యమును వినిపించి గణవిభాగమును నోట చెప్పించినచో ఛందోజ్ఞానము తెలియదా? మిథిలలో ప్రసిద్ధమైన శలాకాపరీక్ష యందు తాటాకులలో శలాక గ్రుచ్చి, తగిలిన పత్రమును వ్యాఖ్యానింపుమనెడివారు. అది వాక్పరీక్షయే. అయితే వాక్పరీక్ష సర్వరోగనివారిణి కాదు. ఈ విద్యార్థులలో కొందరికి విన్నదానిని వరుసగా నిలుపుకొనుటయు కష్టము. అట్టివానికి ప్రశ్నను రెండుమార్లు చెప్పవలెను.

లేఖకుని సమస్య మిగిలినది. 2018 మార్గదర్శకముల ప్రకారము అభ్యర్థి తానే తెచ్చుకొను లేఖకుని విద్యార్హత అతనికంటె ఒక మెట్టు తక్కువగా నుండవలసి యుండెను. గణితమునకో చరిత్రకో అది చాలును. సంస్కృతము చదువని ఇంటరు విద్యార్థి 'శ, ష, స'లను ఎట్లు వేరుచేసి వ్రాయును? తప్పు లేఖకునిది, మార్కులు పోవునది అభ్యర్థికి. క్రింది తరగతులలో సంస్కృతము చదువుచున్నవారినుండి కళాశాలయే లేఖకుల పట్టిక నొకటి ముందుగా సిద్ధపరచి, పరీక్షకు వారము ముందే అభ్యర్థితో కూర్చుండబెట్టి వ్రాయించి చూడవలెను.