రాగి తుక్కు: తరగతిని బట్టే ధర

పుదుచ్చేరి పట్టణపు ఉత్తర తీరాన, సముద్రాన్ని ఆనుకుని ఉన్న మత్స్యకార వాడ కురుచికుప్పం. ఇటువంటి చోట ఉప్పుగాలి తగిలిన రాగికి ఎరుపు ఎంతోకాలం నిలవదు. తొలుత గోధుమ రంగుకు తిరిగి, క్రమేణా పచ్చని చిలుము పడుతుంది. కాలిపోయిన మోటారు వైండింగు, పాత కరెంటు తీగ, ఫ్రిజ్ గొట్టం పాత సామాన్ల కొట్టుకు చేరినప్పుడు అన్నింటినీ కలిపి ‘రాగి’ అని తూయిస్తే నష్టపోయేది అమ్మేవారే. కలగలిసిన కుప్పకు సాధారణంగా అందులోని తక్కువ రకం ధరే కడతారు.

రాగి తుక్కు అంతర్జాతీయ వ్యాపారంలో అమెరికా రీసైక్లింగ్ పరిశ్రమల సంఘం నిర్ణయించిన తరగతులు వాడుకలో ఉన్నాయి. బార్లీ, బెర్రీ, క్యాండీ, బిర్చ్, డ్రీమ్ అన్న ఆ పేర్లు మిఠాయి అంగడిని తలపించినా, వాటి షరతులు మాత్రం కఠినమైనవి. పూతగాని, మిశ్రమంగాని లేని మెరిసే తీగ బార్లీ. మన వర్తకులు మిల్‌బెర్రీ అనేది దీనినే. సుమారు 1.3 మిల్లీమీటర్ల కంటే సన్నని తీగకు ఇందులో చోటు లేదు. మెరుపు తగ్గినా శుభ్రంగా ఉన్న తీగ బెర్రీ కాగా, శుభ్రమైన గొట్టాలు, మందపు ముక్కలు క్యాండీ. బజారులో ఆర్మేచర్ అనే ఎనామిల్ పూత తీగ సాధారణంగా బిర్చ్ కిందికి వస్తుంది. అందులో రాగి 96 శాతం ఉండాలి, 94కు తగ్గరాదు. పలుచని రేకుల వంటి డ్రీమ్‌కు ఆ పరిమాణం 92 శాతం.

ఈ తేడాలకు కారణం కొలిమిలో ఉంది. మేలు రకాన్ని నేరుగా కరిగించి కడ్డీ తీయవచ్చు. బిర్చ్‌ను మళ్లీ శుద్ధి చేయాలి. ఆ ఖర్చును కొనేవారు ముందే ధరలో కోసుకుంటారు.

రకాన్ని గుర్తించడానికి అయస్కాంతం, ఆకురాయి చాలు. అయస్కాంతానికి అంటుకుంటే లోపల ఉక్కు ఉన్నట్టే. అంటుకోనప్పుడు ఆకురాయితో గీసి చూడాలి, లేదా తీగ కొసను కత్తిరించాలి. పైన తెలుపు, లోపల ఎరుపు కనిపిస్తే అది తగరపు పూత ఉన్న అసలు రాగి. పైన ఎరుపు, లోపల తెలుపు అయితే రాగి తొడిగిన అల్యూమినియం. చేతిలోకి తీసుకున్నా తేడా తెలుస్తుంది: రాగి సాంద్రత 8.96, అల్యూమినియంది 2.7. గీత పసుపుగా మెరిస్తే ఇత్తడి; దానిని వేరుగా తూయించాలి.

తీగను కాల్చి తొడుగు వదిలించడం ఇప్పటికీ పలుచోట్ల కనిపిస్తోంది. పీవీసీ తొడుగులో క్లోరిన్ ఉంటుంది. అది మండేటప్పుడు రాగి సమక్షంలో అత్యంత విషపూరితమైన డయాక్సిన్లు ఏర్పడతాయి. ఆ పొగను మొదట పీల్చేది కాల్చేవారూ, పక్కన ఆడుకునే పిల్లలూ. ఇంత చేసినా లాభం లేదు. కాలి పెళుసెక్కిన తీగ బెర్రీకి పనికిరాదని ప్రమాణాల్లోనే ఉంది.

మందపు తీగను కత్తితో ఒలవడం మేలు. సన్నని తీగకు అంత శ్రమ గిట్టదు, తొడుగుతోనే అమ్మవచ్చు. అయితే ముందుగా ఒక మూర ముక్క కోసి తూయాలి, తొడుగు తీసి రాగిని మళ్లీ తూయాలి. 100 గ్రాములకు 60 గ్రాముల రాగి తేలితే, కిలో తీగలో 600 గ్రాముల రాగి ఉన్నట్టు. బేరం ఆ లెక్కపైనే మొదలుపెట్టాలి.